రేపటి వంతు ఎవరిది?

కర్ణాటకలోని మా చింతామణి పక్క పల్లెల్లో కురుక్షేత్ర నాటకం ఆడే రాత్రి, దుర్యోధనుడు గెలుస్తాడేమో చూద్దామని ఎవరూ చాప చంకన పెట్టుకుని రారు. వాడి తొడ విరిగేది పసిబిడ్డకు కూడా తెలుసు. అయినా కోడి కూసేదాకా కూర్చుంటారు, మంచి పద్యం పడితే వన్స్‌మోర్ కొడతారు. చివర తెలిసిందని కథ మీద మనసు విరగడం ఈ సీమలో లేదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడి లోకం వేరు. చివర తెలియని కథ దొరికితే వాడికి పండగ. అందులోనూ సైన్స్ ఫిక్షన్ సీరియల్ అయితే అన్నం గుర్తుండదు. 2020లో లాక్‌డౌన్ పడి వాడు కంప్యూటర్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. పగలు ఆఫీసు పని, రాత్రి సీరియల్. బొమ్మ ఆపి నన్ను పిలిచేవాడు. "అత్తా, గోడ మీద ఆ ఫొటో చూడు. ముందు భాగంలో కూడా ఇదే ఉండె. ఊరికే పెట్టింటారా?" ఆ ఒక్క ఫొటో పట్టుకుని ఎవరు ఎవరికి కొడుకో, చివరకు ఎవరు మిగులుతారో చెప్పేవాడు. వాడి స్నేహితులకూ ఒక్కొక్కరికి ఒక్కో థియరీ. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని 2015 నుంచి 2017 దాకా తెలుగువాళ్లంతా చేసిన పనే అది. వీళ్లు మాత్రం దాన్ని నోటు పుస్తకాల్లో పటాలు గీసుకుని చేస్తారు.

నేను హైస్కూల్లో కన్నడంలో సైన్సు చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో సంసారం చేసుకున్న మనిషిని. ఆ వేసవిలో వాడితో వాదించి వాదించి నాకొక ప్రశ్న మిగిలింది. చివర ఇట్లా ఉంటుందని ముందే చెప్పేవాడు నిజానికి ఏం చేస్తున్నట్టు? భక్తుడి పనా, శాస్త్రజ్ఞుడి పనా, ఊరికే పొద్దుపోక చేసే పనా?

సీరియల్ చివరను ఊహించేవాడు పైకి ఎంత నాస్తికుడైనా లోపల రెండు సంగతులు నమ్ముతాడు. కథను నడిపేవాడొకడున్నాడు, వాడికి చివర తెలుసు అనేది మొదటిది. వాడు చూపించినదేదీ దండగ కాదనేది రెండోది. గుడికి పోయేవాళ్లు లోకం గురించి నమ్మేదీ ఈ రెండే. ఈ నమ్మకం చెదిరినప్పుడు పుట్టే కోపం కూడా దాదాపు మతానికి సంబంధించిన కోపమే. అమెరికాలో ఏబీసీ చానెల్ 2004లో మొదలుపెట్టిన 'లాస్ట్' సీరియల్‌లో విమానం కూలి కొందరు ఒక దీవిలో చిక్కుకుంటారు. వీళ్లంతా చచ్చిపోయినవాళ్లే, ఇది పాపం కడుక్కునే చోటని చూసేవాళ్లలో చాలామంది మొదట్లోనే అన్నారు. తీసినవాళ్లు కాదన్నారు. 2010 మే 23న వచ్చిన చివరి భాగంలో, ఆ ఏడాది పక్కపక్కన నడిపిన రెండు కథల్లో ఒకటి చావు తర్వాత అందరూ కలుసుకునే చోటుగా తేలింది. దీవి మీద జరిగింది మాత్రం నిజమేనట. చాలామంది తిట్టుకున్నారు. చివర బాగాలేదన్న బాధ కంటే, రాసినవాళ్లకే దారి తెలియకుండా ఇన్నేళ్లు నడిపారేమోనన్న అనుమానం వాళ్లను ఎక్కువ కాల్చింది. దేవుడు కఠినుడంటే భక్తుడు ఓర్చుకుంటాడు గానీ దేవుడికే తెలియదంటే ఓర్చుకోలేడు.

'వెస్ట్‌వరల్డ్' సంగతి ఇంకా విచిత్రం. 2016లో వచ్చిన మొదటి భాగంలో రెండు కాలాల కథను ఒకే కాలంలా చూపించారు. సీన్లలో కనిపించే కంపెనీ గుర్తు ఒకచోట ఒక తీరుగా, ఇంకోచోట ఇంకో తీరుగా ఉందని పట్టుకుని, మంచి కుర్రాడు విలియమే ముసలి దుర్మార్గుడని ప్రేక్షకులు ముందే తేల్చేశారు. 2018లో రెండో భాగానికి ముందు, మీరు కోరితే కథంతా మేమే చెప్పేస్తామని తీసినవాళ్లు ఊరించి, చివరకు ఒక పాత ఇంగ్లీషు పాట పాడించి అందరినీ ఆటపట్టించారు. ఐదో భాగంతో ముగిద్దామని వాళ్ల తలపు. 2022 నవంబరులో హెచ్‌బీవో నాలుగుతోనే ఆపేసింది. ఆ రోజు మావాడు ఫోన్ చేసి, "ఇదేమన్యాయమత్తా, అన్నీ లెక్కేసి పెట్టుకుంటిమి కదా" అన్నాడు. రాసేవాడి పైన లెక్కల పుస్తకం పట్టుకుని ఇంకొకడు కూర్చుని ఉంటాడని వాడి థియరీల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

చివరను ముందే చెప్పే ఈ పని మా జిల్లాకు కొత్తది కాదు. నంది కొండ పక్కన, స్కందగిరి అడుగున పాపఘ్ని మఠం ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారు చిన్నతనంలో అక్కడ వీరభోజయాచార్యుల దంపతుల దగ్గర పెరిగారని సంప్రదాయం చెబుతుంది. అక్కడి నుంచి బనగానపల్లెకు పోయి, గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారంటారు. ఆ తాటాకులు కొన్ని పాతిపెట్టిన చోట చింతచెట్టు లేచిందంటారు. కందిమల్లాయపల్లెలో సమాధి అయినాక మళ్లీ వీరభోగ వసంతరాయలుగా వస్తారని నమ్మకం. బెంగళూరు పిల్లకాయలు సూర్యోదయం చూద్దామని చీకట్లోనే స్కందగిరి ఎక్కుతారు. మావాడు కూడా స్నేహితులతో ఆ మఠం గుమ్మం ముందు నుంచే నడిచిపోయాడు. అదేమి మఠమని అడగాలని వాడికి తోచలేదు.

రెండో కాలజ్ఞాని మా చింతామణి తాలూకాలోనే ఉన్నాడు. కైవారం నారాయణ తాతయ్య. 1726లో పుట్టి, 110 ఏళ్లు బతికి, 1836లో సమాధి అయ్యారని భక్తులు చెప్పుకుంటారు. మొదట గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరు తిరిగిన మనిషి. ఆయన కాలజ్ఞానం తెలుగులో కట్టింది. మా ఇళ్లల్లో అది కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకంగా ఉంటుంది, తెలుగు అక్షరం రాని తెలుగువాళ్లం మరి.

ఆ 2020 వేసవిలోనే, బ్రహ్మంగారు కోరంకి అనే జబ్బు గురించి ఎప్పుడో చెప్పారు, అదే ఈ కరోనా అని వాట్సాప్‌లో పద్యాలు ఇంటింటికీ తిరిగాయి. మా వీధిలో పాలు తీసుకునే చోట కూడా అదే మాట. ముందుగదిలో మావాడు జర్మన్ సీరియల్‌కు చివర వెతుకుతుంటే, గుమ్మం బయట ఊరంతా లోకానికి చివర వెతుకుతోంది. రెండిట్లో ఏది నయమని నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను.

పరీక్షంటే మా వైపు సైన్సు టీచర్లకు ఒకే పేరు గుర్తొస్తుంది. హెచ్. నరసింహయ్య. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టి, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసి వచ్చిన గాంధేయవాది. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ శాస్త్రీయంగా పరిశీలించే కమిటీ వేశారు. పుట్టపర్తి సత్యసాయిబాబాను మహిమలు పరీక్షకు చూపమని అడిగారు. మా కొండల్లో పుట్టి బాగేపల్లి మీదుగా పోయే చిత్రావతి ఒడ్డునే పుట్టపర్తి కూడా. అడిగినవాడిదీ, అడిగించుకున్నవాడిదీ పక్కపక్క సీమలే. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దని నరసింహయ్యగారు జీవితమంతా చెప్పారు. ఆ లెక్కన జోస్యానికి మొదటి షరతు చాలా చిన్నది. జరగకముందే, ఏం జరుగుతుందో స్పష్టంగా చెప్పి ఉండాలి. జరిగినాక పద్యం వెతికి అతికిస్తే దాన్ని జోస్యమనరు.

ఈ పరీక్షలో మావాడే గెలిచాడు. వాడి స్నేహితుల బృందం చివరి భాగం రాకముందే తారీఖు వేసి రాసిపెడతారు. తప్పయితే తప్పయిందని కొట్టేస్తారు. కాలజ్ఞానం చదివేవాళ్లలో, ఫలానా పద్యం ఫలానా ఏడు జరగలేదు, కొట్టేద్దాం అన్నవాళ్లు నాకు ఎదురుపడలేదు. సైన్సు టీచరుగా నా తీర్పు అక్కడితో అయిపోవాలి. కానీ కాలేదు. నిజమైతే గెలుపు, కాకపోతే ఓటమి అన్న కొలత జోస్యాలన్నిటికీ సరిపోదు.

నాతో పనిచేసిన ఒక క్రైస్తవ టీచరమ్మ యోనా కథ చెప్పేది. నలభై రోజుల్లో నీనెవె పట్టణం నాశనమవుతుందని ప్రకటించమని దేవుడు యోనాను పంపాడు. అతను పోయి చెప్పాడు. రాజుతో సహా ఊరంతా గోనెపట్ట కట్టుకుని చెడు మానుకుంది. దేవుడు మనసు మార్చుకున్నాడు, నాశనం రాలేదు. యోనాకు పట్టరాని కోపం వచ్చింది. ఊరి బయట తూర్పున పందిరి వేసుకుని, ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న ఊరి మీద నేను జాలిపడవద్దా అని దేవుడే అతన్ని అడగాల్సి వచ్చింది. జోస్యం తప్పింది కాబట్టే ఊరు బతికింది. అది తప్పాలనే దేవుడు దాన్ని చెప్పించాడు. తాను చెప్పింది నిజం కావాలన్న పట్టుదల మాత్రం చెప్పినవాడిని ప్రవక్తగా ఉండనివ్వక ప్రేక్షకుడిగా మార్చేసింది.

మావాడు చూసిన జర్మన్ సీరియల్ 'డార్క్'లో కుర్రాడికీ ఆ పేరే, యోనాస్. అందులో వినాశనం 2020 జూన్ 27న వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ చివరి భాగాన్ని సరిగ్గా ఆ రోజే వదిలింది. ముందూ వెనకా తెలిసిన మనుషులు చివరను తప్పించబోయి, ఆ తప్పించే పనితోనే దాన్ని తెచ్చిపెట్టుకుంటారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. చివరకు అది ఆగింది ఎట్లాగంటే, యోనాస్, మార్తా అనే ఇద్దరు తమ లోకాలు చీలి పుట్టిన మూల లోకానికి పోయి, అక్కడ కారు ప్రమాదంలో చావబోయే ఒక కుటుంబాన్ని కాపాడతారు. దాంతో వాళ్లు పుట్టిన లోకాలే లేకుండా పోతాయి, వాటితోపాటు వాళ్లూ పోతారు. మావాడి పటం నిండా ఎవరికెవరు ఏమవుతారనే గీతలు. తనవాళ్లు కానివాళ్ల కోసం తాను లేకుండా పోయే గీత ఒక్కటీ లేదు.

ఆ కథ చూసినాక నాకు కైవారం గుర్తొచ్చింది. పాండవులు లక్క ఇంటి నుంచి తప్పించుకుని తలదాచుకున్న ఏకచక్రపురం ఇదేనని మా నమ్మకం. భీముడు బకాసురుణ్ణి చంపింది ఈ కొండ దగ్గరేనని, భీమలింగేశ్వరుణ్ణి ప్రతిష్ఠించింది ఆయనేనని చెప్పుకుంటాం. ఆదిపర్వంలో ఆ కథను నిదానంగా చదివితే, అదంతా చివర ముందే తెలిసిన ఒక ఇంటి కథ. రోజుకొక ఇల్లు వంతున రాక్షసుడికి బండెడు అన్నం, దాంతో ఒక మనిషి. ఏళ్ల తర్వాత ఆ బ్రాహ్మడి ఇంటికి వంతు వచ్చింది. నేను ఎప్పుడో ఊరు విడిచి పోదామంటే, పుట్టి పెరిగిన చోటని నువ్వే వినలేదని అతను భార్య మీద వాపోతాడు. నేను పోతానంటే నేను పోతానని భార్య, కూతురు. ఇంతలో మాటలు సరిగా రాని కొడుకు గడ్డిపోచ పట్టుకొచ్చి, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. ఏడుస్తున్నవాళ్లు ఆ మాటకు ఒక్క క్షణం ఆనందపడతారు. ఇదే సమయమని కుంతి లోపలికి అడుగుపెడుతుంది.

ఆ గదిలో ఐదుగురికి ఐదు అంచనాలు కావు, మూడున్నాయి. పెద్దవాళ్లది ఒకటే, చివర ఖాయం, ఎవరు పోవాలన్నదే తేలాలి. పిల్లవాడిది ఆశ, ఆధారం గడ్డిపోచ. మూడోది కుంతిది. భీముడు పోతే రాక్షసుడే చస్తాడని ఆమె లెక్క. ధర్మరాజు వచ్చి, అమ్మా, ఇదేం సాహసమని మందలిస్తే, భీముడు పుట్టిన కొద్దిరోజులకే ఒడిలోంచి జారిపడితే కింది బండ పగిలిన సంగతి, లక్క ఇంటి నుంచి అందరినీ మోసుకొచ్చిన సంగతి ఆమె చెబుతుంది. జరగకముందే చెప్పింది, ఆధారం చూపింది. నరసింహయ్యగారి పరీక్షలో కూడా నెగ్గే మాటే. అంతకంటే పెద్ద సంగతి, ఆమె తన లెక్క మీద పెట్టింది కన్నకొడుకును. లెక్క తప్పితే పోయేది ఆమె బిడ్డే.

ఇక్కడే నా ప్రశ్నకు నాకు జవాబు దొరికింది. చివర ఇట్లా ఉంటుందని చెప్పే మాట బరువు, అది నిజమయిందా లేదా అన్నదాన్ని బట్టి కంటే, చెప్పినవాడు దాని మీద ఏం పెట్టాడన్నదాన్ని బట్టి తేలుతుంది. మావాడి థియరీ తప్పయితే కాస్త పరువు పోతుంది, అంతే. మా టమోటా రైతు అంచనా అట్లాంటిది కాదు. మూడు నెలల తర్వాత ధర ఎట్లా ఉంటుందో ఊహించి నారు నాటుతాడు. 2023 జులైలో కోలారు మార్కెట్‌లో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. ఇంకో ఏడు కోత కూలి కూడా రాక కాయలు రోడ్డు పక్కన పారబోస్తారు. తన జోస్యానికి తానే బాధ్యుడు.

కలికాలం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ రైతులా మాట్లాడం. మా జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని నంది కొండల చుట్టుపక్కలే పుట్టినా మాకు మిగిలేది ఇసుకే. బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. చెరువు ఎండితే, ఇదంతా కాలజ్ఞానంలో ఉందని తల ఊపేవాళ్లు చాలామంది. ఆ తల ఊపుడులో దుఃఖం కంటే, చూశావా నేను చెప్పలేదా అన్న తృప్తి ఎక్కువ. ఊరి బయట పందిరి వేసుకున్న యోనా తృప్తి అది. ఇంకోపక్క బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ, నాగవార కాలువల పథకంతో మా చెరువులకు తెస్తున్నారు. రెండు దశల శుద్ధి చాలదు, మూడోది కూడా చేయండని అడిగే రైతులున్నారు. వాళ్లు కూడా జోస్యమే చెబుతున్నారు, ఇట్లాగే వదిలితే భూమిలో నీళ్లు పాడవుతాయని. తాము చెప్పింది తప్పిపోవాలని పోరాడేవాళ్లు వాళ్లు. తాతయ్య మాటకు వారసులెవరంటే, పద్యం అప్పజెప్పేవాళ్ల కంటే ముందు నేను వీళ్ల పేరే చెబుతాను.

అట్లయితే విధి లేదా, రాసిపెట్టింది లేదా అని మా మేనల్లుడు అడిగాడు. ఏకచక్రపురంలో రాసిపెట్టి ఉన్నది నిజమే, వంతుల పట్టీ. దాన్ని బ్రహ్మ రాయలేదు. రాక్షసుడికి భయపడి, కాపాడని రాజును నమ్ముకోలేక, ఊరే ఒప్పుకున్న ఏర్పాటు అది. ఏళ్లు గడిచేసరికి అదే విధి అనిపించింది. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెప్పేది కూడా ఇదే. దైవమంటే వేరే ఏమీ లేదు, మనిషి ముందు చేసిన ప్రయత్నమే. పాత ప్రయత్నమూ కొత్త ప్రయత్నమూ పొట్టేళ్లలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది. మన తాతలు ఒప్పుకున్నవి మన నెత్తిన రాతలయ్యాయి. మనం ఒప్పుకునేవి మన మనవల నెత్తిన రాతలవుతాయి.

ఇది తీయటి మాటగా నేను చెప్పడం లేదు. భీముడు రాకముందు ఎన్ని బండ్లు పోయాయో, వాటిమీద ఎవరెవరు పోయారో భారతం లెక్క చెప్పదు. ఆ ఇళ్లలోనూ గడ్డిపోచ పట్టుకున్న పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ల గుమ్మంలోకి ఎవరూ రాలేదు. దేవుడు న్యాయంగా కథ నడుపుతాడని నమ్మేవాళ్లకు అక్కడ జవాబు దొరకదు, నాకూ దొరకలేదు. కనిపించేది ఒకటే. వంతు ఒక్కో ఇంటికి ఒక్కో రోజు కాబట్టి, తక్కిన రోజులన్నీ ఆ ఊరు ప్రేక్షకుల ఊరు. పట్టీలో పేరు లేని పరాయి ఆడమనిషి తన ఇంటి వంతుగా దాన్ని తీసుకునేదాకా చక్రం ఆగలేదు.

కైవారం తాతయ్యకు గురువు ఒక రాయి ఇచ్చి, నోట్లో పెట్టుకుని జపం చెయ్యి, అది కలకండ అయ్యేదాకా లేవొద్దన్నాడని మా వైపు చెప్పుకుంటారు. చివర ముందే చెప్పేశాడు గురువు. అయినా ఆ రాయి కలకండ ఎప్పుడవుతుందో చూద్దామని ఎదురుగా కూర్చున్నవాడి నోరు తీపి కాదు.

మావాడు ఇప్పుడు ఇంకో సీరియల్ పట్టుకున్నాడు. చూడనీ, ఆ వెతుకులాటలో బుద్ధి పదునవుతుంది, కాదనను. అయితే వాడైనా, పాలు తీసుకునే చోట పద్యం చదివే పెద్దమనిషైనా, చివర ఇట్లా ఉంటుందని నాతో అంటే రెండు ప్రశ్నలు అడుగుతాను. జరగకముందే రాసిపెట్టావా? అది చెడ్డ చివరైతే తప్పించడానికి నీది నువ్వు ఏం పెట్టావు? మొదటిది హొసూరు నరసింహయ్యగారి ప్రశ్న, రెండోది కుంతి ప్రశ్న. రెండోదానికి జవాబు లేనివాడి జోస్యం అక్షరం పొల్లుపోకుండా నిజమైనా దానివల్ల ఊరికి ఒరిగేదేమీ లేదు.